నాన్న ఆస్తంతా ఇప్పుడే గిఫ్ట్ డీడ్ చేసేస్తానంటున్నారు, ట్యాక్స్ నిజంగా మిగులుతుందా?

పెద్దకొడుకు_హైద్రాబాద్
మా నాన్నకి 71. కాంట్రాక్టులు చేసి సంపాదించారు, అప్పులేం లేవు. హైదరాబాద్‌లో మేం ఉండే ఇల్లు, ఒక కమర్షియల్ బిల్డింగు (నెలకి నాలుగు లక్షలు అద్దె), గుంటూరు దగ్గర ఊళ్ళో ఐదెకరాలు, షేర్లూ ఫండ్లూ కలిపి ఓ మూడు కోట్లు, కొన్ని ఎఫ్‌డీలు. పిల్లలం ఇద్దరమే, నేనూ చెల్లీ. చెల్లి అమెరికాలో ఉంటుంది, అక్కడి సిటిజెన్‌షిప్ కూడా వచ్చేసింది. పోయిన నెల ఒక బ్యాంకు వెల్త్ మేనేజరు ఇంటికొచ్చి కాఫీ తాగి "వారసత్వ పన్ను మళ్ళీ వస్తోంది సార్, ట్రస్టులో పెట్టేయండి లేదా ఇప్పుడే అందరి పేర్న మార్చేయండి, ట్యాక్సు సగానికి సగం తగ్గిపోద్ది" అని చెప్పి వెళ్ళాడు. అప్పట్నుంచి నాన్నకి నిద్ర లేదు, ఆయన్ని చూసి మాకూ లేదు. బిల్డింగు అమ్మ పేర్న, పొలం చెల్లి పేర్న, ఇల్లు నా పేర్న గిఫ్ట్ డీడ్ రాసేస్తానని కూర్చున్నారు. వచ్చే వారం మంచిరోజు కూడా చూసుకున్నారు. ఇది కరెక్టేనా, ఎవరైనా చేసినవాళ్ళున్నారా?

బందరు_బుల్లోడు
ముందు ఆ మంచిరోజు వాయిదా వేయించండి బ్రో.

పాతదస్తావేజు
నేను ముప్పై ఏళ్ళు దస్తావేజులు రాసినవాణ్ణి, ఈ భయం నాకు కొత్తకాదు. మన దేశంలో పోయినవాళ్ళ ఆస్తి మీద పన్ను, ఎస్టేట్ డ్యూటీ అని 1953లో తెచ్చారు, ఒక దశలో పెద్ద ఆస్తులకి రేటు 85 శాతం దాకా ఉండేది. వసూలయ్యేది తక్కువ, వసూలు చెయ్యడానికయ్యే ఖర్చూ తగాదాలూ ఎక్కువ అని 1985లో ఎత్తేశారు. 1958లో వచ్చిన గిఫ్ట్ ట్యాక్సుని 1998లో తీసేశారు. వెల్త్ ట్యాక్స్ 2015 బడ్జెట్‌తో పోయింది. అంటే ఇవాళ తండ్రి పోతే కొడుక్కి వచ్చే ఆస్తి మీద పన్ను సున్నా. బతికుండగా కొడుక్కి గిఫ్ట్ ఇచ్చినా ఇన్‌కమ్ ట్యాక్స్ సున్నా. రెండువైపులా సున్నా అయినప్పుడు తొందరెందుకు? స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు మాత్రం గిఫ్ట్‌కి ఇప్పుడే కట్టాలి. వీలునామాకి స్టాంపు కాగితం కూడా అక్కర్లేదు, తెల్లకాగితం చాలు.

నైట్‌షిఫ్ట్
2024 ఎన్నికలప్పుడు టీవీల్లో వారసత్వ పన్ను అని రోజూ కొట్టుకున్నారు కదా, అక్కడ పట్టుకున్నట్టున్నాడు మీ మేనేజరు.

సీమ_రెడ్డెమ్మ
రేపు నిజంగా వస్తే? పాతదస్తావేజు గారు సున్నా అన్నది ఇవాళ్టి మాట. ముందే మార్చేసుకున్నవాళ్ళే తెలివైనవాళ్ళు అవుతారు అప్పుడు. మా పెదనాన్న వాళ్ళు అంతా 2018లోనే పిల్లల పేర్న పెట్టేశారు, ఇప్పుడు హాయిగా ఉన్నారు.

పాతదస్తావేజు
ఎస్టేట్ డ్యూటీ ఉన్న రోజుల్లో పోయేముందు రెండేళ్ళలో ఇచ్చిన గిఫ్టుల్ని కూడా లెక్కలో కలిపేవాళ్ళమ్మా. మళ్ళీ తెచ్చేవాడు ఆ మాత్రం ఆలోచించకుండా తెస్తాడా.

ఆడిటర్_అబ్బులు
పెద్దకొడుకు గారూ, మీ నాన్నగారి ప్లాన్‌లో మూడు ముక్కలున్నాయి, మూడూ మూడు రకాలుగా తప్పు. ముందు బిల్డింగు సంగతి, డబ్బులు అక్కడున్నాయి కాబట్టి.

భార్యకి ఉత్తినే ఇచ్చిన ఆస్తి మీద వచ్చే ఆదాయం భర్త ఆదాయంలోనే కలుస్తుంది, దీన్నే క్లబ్బింగ్ అంటాం. అమ్మగారి పేర్న మారినా అద్దె మీద పన్ను నాన్నగారే కడతారు, పైపెచ్చు రిజిస్ట్రేషన్ ఖర్చు దండగ. ఆ అద్దెని అమ్మగారు మళ్ళీ ఎఫ్‌డీ వేస్తే దానిమీద వచ్చే వడ్డీ మాత్రం ఆవిడది, అంతే లాభం. కోడలి పేర్న రాసినా ఇదే రూలు, అది చాలామందికి తెలీదు. మైనరు మనవడి పేర్న పెడితే ఆ పిల్లాడి అమ్మానాన్నల్లో ఎవరి ఆదాయం ఎక్కువుంటే వాళ్ళలో కలుస్తుంది, ఏడాదికి ఒక్కో పిల్లాడికి 1,500 రూపాయలు మినహాయింపు, నవ్వకండి, రూలు అదే.

మేజరైన కొడుక్కో కూతురికో ఇస్తే క్లబ్బింగ్ లేదు. కానీ మీరూ 30 శాతం శ్లాబులోనే ఉంటారుగా? ఆయన జేబులోంచి తీసి మీ జేబులో వేస్తే పన్ను తగ్గదు, మీ జీతంతో కలిసి 50 లక్షలు దాటితే సర్‌చార్జి కూడా పడుతుంది. అద్దె ఏడాదికి 48 లక్షలు, మున్సిపల్ ట్యాక్సు పోగా 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ పోగా ఓ 33 లక్షలు తేలుతుంది. అది ఎవరి నెత్తిన పెట్టాలన్నదే అసలు లెక్క.

బందరు_బుల్లోడు
1,500 రూపాయల మినహాయింపు 😂 దాంతో పిల్లాడికి ఒక బూటు వస్తది, రెండోది తండ్రి కొనాలి

డాలస్_కోడలు
పొలం ముక్క నేను చెప్తా, మా ఇంట్లో జరిగింది కాబట్టి. ఎన్నారైలకీ ఓసీఐలకీ (వేరే దేశం పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకి) వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు, గిఫ్ట్‌గా తీసుకోడానికీ వీల్లేదు, ఫెమా, అంటే విదేశీ మారకం చట్టం ఒప్పుకోదు. వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు. అంటే మీ నాన్నగారు చెల్లెలికి పొలం ఇవ్వాలంటే దారి వీలునామానే. మా మామగారు తెలీక నా మరిది పేర్న గిఫ్ట్ రిజిస్టర్ చేసేశారు, సబ్‌రిజిస్ట్రార్ దగ్గర ఎవరూ అడగలేదు, తర్వాత అమ్మేటప్పుడు కొనేవాళ్ళ లాయరు పట్టుకున్నాడు, అది సర్దుకోడానికి ఏణ్ణర్ధం పట్టింది.

ఇంకోటి అమెరికా వైపు నుంచి. మీ చెల్లెలికి ఏది ఇచ్చినా వీలునామా ద్వారా ఇస్తేనే ఆమెకి మంచిది. చనిపోయిన తర్వాత వచ్చిన ఆస్తిని అమ్మితే, లాభం లెక్కకి అమెరికా ట్యాక్సులో చనిపోయిన రోజు మార్కెట్ విలువనే కొన్న ధరగా తీసుకుంటారు. బతికుండగా గిఫ్ట్ ఇస్తే మీ నాన్నగారు ఎప్పుడో కొన్న ధరే ఆమెకీ అంటుకుంటుంది. ఏడాదిలో లక్ష డాలర్లు దాటి బయట దేశంవాళ్ళ నుంచి గిఫ్ట్ గానీ వారసత్వం గానీ వస్తే 3520 అని ఫారం వెయ్యాలి, పన్ను ఉండదు కానీ వెయ్యకపోతే పెనాల్టీ మామూలుగా ఉండదు.

పెద్దకొడుకు_హైద్రాబాద్
@డాలస్_కోడలు అమ్మో, ఇది ఆ మేనేజరు ఒక్క ముక్క చెప్పలేదండి. పొలం చెల్లి పేర్న అన్నప్పుడు "వెరీ గుడ్ సార్" అన్నాడు.

కోనసీమ_కొబ్బరి
చనిపోయిన రోజు మార్కెట్ విలువ అంటున్నారు కదా, ఇండియాలో కూడా అంతేగా? మేం 2019లో నాన్న పోయాక వాల్యుయేషన్ చేయించి పెట్టుకున్నాం.

ఆడిటర్_అబ్బులు
కాదండి! ఇక్కడే సగం మంది బోల్తాపడేది. ఇండియాలో గిఫ్ట్‌గా వచ్చినా, వీలునామాతో వచ్చినా, వీలునామా లేకుండా వచ్చినా మీ నాన్న కొన్న ధరే మీ ధర, ఆయన కొన్న తేదీ నుంచే మీ లెక్క. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆ రోజు విలువ తీసుకోవచ్చు, అదీ ఆనాటి స్టాంపు విలువ దాటకుండా. మీకు కావాల్సిన వాల్యుయేషన్ 2001ది, 2019ది కాదు.

2024 జూలై 23 నుంచి, ఎక్కువకాలం ఉంచుకుని అమ్మితే వచ్చే లాభం మీద, అంటే లాంగ్ టర్మ్ రేటు 12.5 శాతం, ఇండెక్సేషన్ (ధరలు పెరిగినదాన్నిబట్టి కొన్న ధరని పెంచి చూపడం) లేదు. ఇండియాలో ఉండేవాళ్ళకి, హెచ్‌యూఎఫ్‌లకి (పన్ను లెక్కలో వేరే మనిషిలా చూసే హిందూ ఉమ్మడి కుటుంబాలు), ఆ తేదీకి ముందు కొన్న ఇల్లూ స్థలాలకి పాత పద్ధతిలో 20 శాతం ఇండెక్సేషన్‌తో వేసి చూసి ఏది తక్కువైతే అది కట్టొచ్చు. ఎన్నారైలకి ఆ అవకాశం ఇవ్వలేదు. కాబట్టి పెద్దకొడుకు గారూ, అమ్మేద్దామనుకునే ఆస్తి ఎవరి వాటాకి వెళ్తుందో కూడా చూసుకోండి. ఎన్నారై అమ్మితే కొనేవాళ్ళు టీడీఎస్ కోస్తారు, తక్కువ కొయ్యమనే సర్టిఫికెట్ ముందే తెచ్చుకోకపోతే చాలాసార్లు మొత్తం అమ్మకం ధర మీదే కోసేస్తారు, రీఫండ్ కోసం రిటర్ను వేసి కూర్చోవాలి.

కోనసీమ_కొబ్బరి
అయితే మా వాల్యుయేటర్‌కి ఇచ్చిన పద్దెనిమిది వేలు గోవిందా అన్నమాట

డాలస్_కోడలు
@కోనసీమ_కొబ్బరి మీ అన్నదమ్ములెవరైనా అమెరికాలో ఉంటే వాళ్ళకి పనికొస్తుంది అది, పారేయకండి.

బెజవాడ_బాబాయ్
ఇల్లు కొడుకు పేర్న రాయడం గురించి ఎవరూ మాట్లాడట్లేదేం. పెద్దకొడుకు మంచివాడే అయ్యుంటాడు, నేను ఆయన్ని అనట్లేదు. మా బావమరిది ఒక్కగానొక్క కొడుకని ఉన్న ఇల్లు గిఫ్ట్ డీడ్ రాసిచ్చాడు. కొడుకూ మంచివాడే, తాగుడూ లేదు ఏమీ లేదు, వ్యాపారానికని ఆ ఇల్లు తాకట్టు పెట్టి లోను తెచ్చాడు, వ్యాపారం మునిగింది, బ్యాంకు వేలం వేసింది. 68 ఏళ్ళ మనిషి ఇప్పుడు అద్దింట్లో ఉంటున్నాడు, కొడుకూ అదే అద్దింట్లో ఉంటున్నాడు, ఇద్దరికీ మాటల్లేవు. ఇందులో దుర్మార్గుడెవడూ లేడు చూడండి. కాగితం ఒక్కటే.

నల్లకోటు
బాబాయ్ గారు చెప్పిన కేసుల్లాంటివి నా దగ్గరికి నెలకి రెండైనా వస్తాయి. గిఫ్ట్ ఒకసారి రిజిస్టరై అవతలివాళ్ళు తీసుకున్నాక మనసు మారిందని రద్దు చేసుకోలేరు. 2007 సీనియర్ సిటిజెన్స్ చట్టంలో సెక్షన్ 23 ఉంది, చూసుకుంటారన్న షరతు మీద ఇచ్చి, చూసుకోకపోతే ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్‌కి వెళ్ళి రద్దు చేయించొచ్చు. కానీ ఆ షరతు డీడ్‌లో రాసి ఉంటే పని సులువు, లేకపోతే "మాటిచ్చాడండి" అని నిరూపించుకోవాలి. ఇంకా బాబాయ్ గారి కేసులో కొడుకు చూసుకుంటున్నాడు కూడా, ఆ సెక్షన్ ఏం చేస్తుంది.

ఇవ్వాలనే ఉంటే సెటిల్‌మెంట్ డీడ్, పాతవాళ్ళు దఖలు దస్తావేజు అంటారు, అందులో తానూ భార్యా బతికున్నంతకాలం అనుభవించే హక్కు అట్టిపెట్టుకుని రాయొచ్చు. అద్దె అట్టిపెట్టుకుంటే పన్నూ ఆయనదే, అది మర్చిపోవద్దు.

హెచ్‌యూఎఫ్_హీరో
ఇంత తిప్పలెందుకు, హెచ్‌యూఎఫ్ పెట్టి బిల్డింగు అందులో వేసేస్తే సరి, వేరే పాన్, వేరే శ్లాబ్. మా ఆఫీసులో అందరూ చేస్తున్నారు

ఆడిటర్_అబ్బులు
మీ ఆఫీసులో అందరికీ నోటీసులొస్తాయి అయితే. సొంత ఆస్తిని తన హెచ్‌యూఎఫ్‌లో వేస్తే దాని ఆదాయం మళ్ళీ వేసినవాడికే క్లబ్ అవుతుంది. 1986లో చందర్‌సేన్ కేసులో సుప్రీంకోర్టు ఇంకోటి చెప్పింది, తండ్రి వీలునామా రాయకుండా పోతే వారసత్వ చట్టం ప్రకారం కొడుక్కొచ్చిన వాటా అతని సొంతం, దానంతటది హెచ్‌యూఎఫ్ ఆస్తి అయిపోదు.

కానీ హీరో గారి మాటలో ఒక నిజం ఉంది, దారి వేరు. నాన్నగారు తన వీలునామాలో బిల్డింగుని "నా కొడుకు హెచ్‌యూఎఫ్‌కి" అని స్పష్టంగా రాస్తే అది మీ హెచ్‌యూఎఫ్‌కి వస్తుంది, ఇచ్చినాయన లేరు కాబట్టి క్లబ్బింగ్ లేదు, వీలునామాతో వచ్చింది కాబట్టి వచ్చినదాని మీదా పన్ను లేదు. ఆ అద్దెలో తేలే 33 లక్షల్లో మొదటి 24 లక్షలు చూడండి, అది దాటినదాని మీద ఎక్కడైనా 30 శాతమే; ఇప్పటి కొత్త రెజీమ్ శ్లాబుల్లో 24 లక్షల మీద పన్ను 3 లక్షలు. అదే 24 లక్షలు మీ జీతం పైన కూర్చుంటే 30 శాతం లెక్కన 7 లక్షల 20 వేలు. ఏటా 4 లక్షల 20 వేలు తేడా, సెస్సు కాకుండా. వెల్త్ మేనేజరు చెప్పాల్సింది ఇదీ, చెప్పడు, ఎందుకంటే దీన్లో వాడికి కమీషన్ రాదు.

ఇబ్బంది కూడా చెప్తా. హెచ్‌యూఎఫ్‌లో పడ్డాక అది మీ ఒక్కరిది కాదు, మీ పిల్లలకి పుట్టుకతో హక్కు. కొంచెం తీసి పంచుకుంటామంటే పన్ను చట్టం ఒప్పుకోదు, పంచితే మొత్తం పంచాలి.

నైట్‌షిఫ్ట్
అబ్బులు గారూ సెక్షన్ నంబర్లు కూడా వేస్తే మా ఆడిటర్‌కి చూపించి భయపెడతాం

ఆడిటర్_అబ్బులు
1961 చట్టం నంబర్లు పాతికేళ్ళు బట్టీపట్టాను, 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం, అన్ని నంబర్లూ మారాయి. నన్ను వదిలేయండి.

విజయనగరం_అమ్మ
ఆ మేనేజరు చెప్పిన ట్రస్టు గురించి ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి రాస్తున్నా. మా రెండోవాడికి ఆటిజం, 22 ఏళ్ళు, సొంతంగా బ్యాంకు పని చేసుకోలేడు. మేం పోయాక వాడి పేర్న ఆస్తి ఉంటే ఏం లాభం, వాడి తరఫున సంతకం పెట్టేది ఎవరు? మేం 2021లో ట్రస్టు పెట్టాం, మా తమ్ముడూ ఒక కుటుంబ స్నేహితుడూ ట్రస్టీలు. నెలకి ఎంత, వైద్యానికి ఎంత, పెద్దవాడు చెయ్యి పెట్టకూడదు, పెద్దవాడి మీద భారమూ పడకూడదు, అన్నీ రాశాం. పన్ను గురించి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

నల్లకోటు
అమ్మా, మీది ట్రస్టు పెట్టాల్సిన కేసే, పెద్దకొడుకు గారిది కాదు. పన్ను వైపు కూడా చెప్పాలి కాబట్టి చెప్తున్నా, ఎవరి వాటా ఎంతో ట్రస్టీల ఇష్టానికి వదిలేస్తే మామూలుగా మొత్తం ఆదాయం మీద గరిష్ఠ రేటు పడుతుంది. వాటా తేల్చి రాస్తే ఆ మనిషి శ్లాబు ప్రకారమే. వీలునామా ద్వారా పుట్టే ట్రస్టుకి, ఆ మనిషి వీలునామాతో పెట్టిన ట్రస్టు అదొక్కటే అయితే, ఇష్టానికి వదిలేసినా మామూలు శ్లాబులే, వ్యాపార ఆదాయం లేకపోతే. ఎప్పుడైనా వెనక్కి తీసుకునేలా పెడితే ఆదాయం పెట్టినవాళ్ళదే. "ట్రస్టు పెడితే పన్ను సగం" అన్న మాట ఏ పుస్తకంలోనూ లేదు.

విజయనగరం_అమ్మ
మాది వాటా తేల్చి రాసిందేనండి. మా ఆడిటరు గారు అడిగి మరీ రాయించారు.

సీమ_రెడ్డెమ్మ
వీలునామా వీలునామా అంటున్నారు, కోర్టుల్లో సగం కేసులు వీలునామా దొంగది అనేగా. గిఫ్ట్ డీడ్ అయితే ఆ గొడవ లేదు.

నల్లకోటు
సగమో కాదో గానీ చాలా ఉన్న మాట నిజం. ఇద్దరు సాక్షులు తప్పనిసరి, ఆస్తి వచ్చేవాళ్ళెవరూ సాక్షులుగా ఉండకపోవడం మంచిది, రాసేవారికంటే చిన్న వయసువాళ్ళయితే మేలు. ఎందుకంటే ఒక కేసులో సాక్షులిద్దరూ రాసినాయనకంటే ముందే పోయారు. డాక్టరు సర్టిఫికెట్ అదేరోజుది పెట్టండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయించుకుంటే మంచిది, చేయించాకా మార్చుకోవచ్చు. కవర్లో సీలు వేసి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాచిపెట్టే పద్ధతి కూడా ఉంది, ఎవరూ వాడరు పాపం.

గుంటూరు_మిర్చి
ఆ ఐదెకరాలు మీ నాన్నగారు కొన్నవా, తాతగారివా? తాతగారివైతే మేనత్తలున్నారా?

పెద్దకొడుకు_హైద్రాబాద్
తాతగారివే. ఒక మేనత్త ఉంది, 1979లో పెళ్ళయింది, కట్నం అప్పుడే ఇచ్చేశారు.

గుంటూరు_మిర్చి
అదిగో వచ్చింది. 😬 కట్నం ఇచ్చాం కాబట్టి వాటా లేదు అనేది అరుగుమీద చట్టం.

పాతదస్తావేజు
ఆంధ్రలో ఆడపిల్లలకి పుట్టుకతో సమాన వాటా 1985 సెప్టెంబరు 5 నుంచే వచ్చింది, దేశం మొత్తానికి రాకముందు ఇరవై ఏళ్ళ క్రితమే. కానీ అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకే. మీ మేనత్తకి 1979 కాబట్టి ఆ చట్టంలో రాదు.

నల్లకోటు
పాతదస్తావేజు గారూ అక్కడ ఆపకూడదు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన కేంద్ర సవరణలో పెళ్ళయిందా లేదా అన్న తేడా లేదు, 2020లో వినీతా శర్మ తీర్పు తండ్రి 2005 నాటికి బతికుండక్కర్లేదు అని కూడా తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందు సక్రమంగా పంపకాలు అయిపోయి ఉంటే మాత్రం దాన్ని కదపలేరు. పెద్దకొడుకు గారూ, రిజిస్టరైన భాగపంపిణీ కాగితం ఉందా?

పెద్దకొడుకు_హైద్రాబాద్
నాన్ననడిగి చెప్తా. అడగాలంటేనే భయంగా ఉంది.

బందరు_బుల్లోడు
ట్యాక్స్ అని మొదలెట్టి మేనత్త దగ్గర తేలాం. తెలుగువాళ్ళ ఏ ఆస్తి చర్చ అయినా అంతే

రిటర్న్_టు_ఇండియా
షేర్ల గురించి ఒకటి. పెద్దకొడుకు గారికి సంబంధం లేకపోవచ్చు గానీ నాలాంటివాళ్ళు చాలామంది ఉంటారు. నేను అమెరికా నుంచి వచ్చేశా, కంపెనీ ఇచ్చిన షేర్లు అక్కడి బ్రోకరేజీలోనే ఉన్నాయి. అక్కడి పౌరుడు కానివాడు, అక్కడ స్థిరనివాసం లేనివాడు పోతే అమెరికా షేర్లలో 60,000 డాలర్లు దాటినదాని మీద అక్కడి ఎస్టేట్ ట్యాక్స్, రేటు 40 శాతం దాకా. ఇండియాకీ వాళ్ళకీ ఎస్టేట్ ట్యాక్స్ మీద ఒప్పందం లేదు. ఇక్కడ లేని వారసత్వ పన్నుకి భయపడుతూ అక్కడ ఉన్నదాన్ని చూసుకోవట్లేదు మనవాళ్ళు.

డాలస్_కోడలు
+1. ఫోన్ యాప్‌లో అమెరికా షేర్లు నేరుగా కొనేవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది.

కోనసీమ_కొబ్బరి
డీమ్యాట్‌లో నామినీ ఉన్నాడుగా, షేర్లు అతనికే కదా వెళ్ళేది, వీలునామాలో రాయాలా?

నల్లకోటు
రాయాలి. నామినీ తాళంచెవి పట్టుకునేవాడు, ఇంటి యజమాని కాడు. షేర్ల విషయంలో 2023లో శక్తి యెజ్దాని కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. బ్యాంకు ఖాతాలకి 2025 నవంబరు 1 నుంచి నలుగురు నామినీల దాకా పెట్టొచ్చు, నలుగురూ పట్టుకునేవాళ్ళే.

పెద్దకొడుకు_హైద్రాబాద్
మూడు వారాలైంది, నాన్ననడిగి చెప్తా అన్నాను కదా. నాన్నకి ఈ థ్రెడ్ మొత్తం చదివి వినిపించా, మేనత్త దగ్గరికొచ్చేసరికి లేచి వెళ్ళి బీరువాలోంచి 1994 భాగపంపిణీ దస్తావేజు తెచ్చి నా ముందు పడేశారు, రిజిస్టరైనదే, మేనత్త సంతకం కూడా ఉంది. "నన్ను దొంగననుకున్నావా" అని రెండ్రోజులు మాట్లాడలేదు.

గిఫ్ట్ డీడ్‌లు ఆపేశారు. వీలునామా డ్రాఫ్ట్ అవుతోంది, బిల్డింగు మా హెచ్‌యూఎఫ్‌కి, పొలం చెల్లికి, ఇల్లు అమ్మకి బతికున్నంతకాలం, తర్వాత నాకు. షేర్లు సగం సగం. చెల్లి వాటా ఫండ్ల గురించి అక్కడి ఆడిటర్‌ని అడుగుతోంది, ఇండియా ఫండ్లకి అక్కడ వేరే తలనొప్పి ఉందట. నామినీలు సరిచేద్దామని ఎఫ్‌డీలు తీస్తే ఒకదానికి మా నాయనమ్మ నామినీ. ఆవిడ పోయి పదకొండేళ్ళు.

బెజవాడ_బాబాయ్
మంచి పని చేశారు. అమ్మగారి సంగతి ఏంటి, ఆవిడ పేర్న ఏమీ లేదా?

పెద్దకొడుకు_హైద్రాబాద్
అదే బాబాయ్ గారూ, మాకెవరికీ తట్టలేదు. డ్రాఫ్ట్ చదువుతుంటే వంటింట్లోంచి అమ్మ వచ్చి "తెనాలిలో మా నాన్న నాకిచ్చిన ఇల్లూ, నా బంగారం మీ కాగితంలో ఎక్కడుంది" అంది. నాన్న తన కాగితంలోనే రాసేస్తానన్నారు.

నల్లకోటు
ఆయన రాస్తే చెల్లదు, అది ఆవిడ ఆస్తి. ఆవిడ వీలునామా ఆవిడే రాయాలి. రాయకపోతే మీ ఇద్దరికీ నాన్నగారికీ సమానంగా వస్తుంది.

పెద్దకొడుకు_హైద్రాబాద్
చెప్పా. సోమవారం వేరే లాయరు దగ్గరికి తీసుకెళ్ళమంది, నాన్న లాయరు వద్దంట. ఎవరికేం రాస్తుందో మాకు చెప్పదట.

బందరు_బుల్లోడు
సీలు వేసిన కవరు ఎవరూ వాడరు అన్నారుగా నల్లకోటు గారూ, ఒక కస్టమర్ దొరికింది